మీ ఇంట్లో ఈ రోజు ఏమి కూర?



తెలుగువారిద్దరు ఎక్కడ కలిసినను, క్షేమసమాచారములు అయిన వెంటనే వచ్చే ప్రశ్న ఒకటున్నది: "మీ ఇంట్లో ఈ రోజు ఏమి కూర?" హోసూరు బస్టాండులో కలిసినా, కృష్ణగిరి సంతలో కలిసినా, ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు మారే వేళ కలిసినా ఇదే ప్రశ్న. జవాబు చెప్పేవారికి సంతోషము, వినేవారికి సంతోషము. ఒకరు గుత్తివంకాయ అంటారు. ఇంకొకరు చింతచిగురు, ఎండురొయ్యలు అంటూనే కన్నులు మూసికొని తమ ఊరు వెళ్ళిపోతారు. ఇంత నిరపాయమైన మాట ఇంకొకటి లేదనిపిస్తుంది.

అయితే ఈ మాటలో ఒక కష్టమైన ప్రశ్న దాగియున్నదని గత చలికాలములో మాకు తెలిసినది. ఆ సంగతి మీతో పంచుకొనవలెనని ఇది వ్రాస్తున్నాము.

మా సంఘములో నెలకొక ఆదివారము ఆరాధన తరువాత ప్రేమవిందు ఉంటుంది. ఒక్కొక్క కుటుంబము తమ ఇంట ఇష్టముగా తినే వంటకమొకటి చేసి తెస్తారు. ఆ రోజున కోడికూర, పప్పుచారు, గోంగూర పచ్చడి, పులిహోర, చేపల పులుసు వచ్చినవి. వాటి ప్రక్కన ఒక సత్తుగిన్నెలో రాగిసంగటి ముద్దలు, మరొక గిన్నెలో పితికిపప్పు కూర ఉన్నవి. అవి తెచ్చిన సహోదరి ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములోనిది. మనవలె పనికొరకు వచ్చినవారు కారు వారు. తరతరములుగా ఈ నేలమీదనే తెలుగు మాటలాడుచున్నవారు. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములను మార్చినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రములోనే ఉండిపోయినది గనుక, వారు కదలకుండానే పరాయి రాష్ట్రపు తెలుగువారైనారు.

విందు ముగిసేసరికి అన్ని గిన్నెలు ఖాళీ. సంగటి గిన్నె మాత్రము తెచ్చినది తెచ్చినట్లే ఉన్నది. ఒక పిల్లవాడు "మట్టి ముద్దలా ఉంది" అని నవ్వినాడు. పిల్లవానికి తెలియదు, పోనిమ్మందాము. కాని వడ్డించుటకు ఆమె గరిటె ఎత్తినప్పుడు మాలో పెద్దవారొకరు ఎంతో మర్యాదగా చేయి అడ్డము పెట్టి, "మేము ఇలాంటివి తినమమ్మా" అన్నారు. "పరవాలేదండి" అని ఆమె మూత పెట్టుకొన్నది.

మరుసటి నెల ఆమె చిత్రాన్నము తెచ్చినది. అందరూ తిన్నారు, బాగున్నదన్నారు. ఆ తరువాతి నెలలో కూడ చిత్రాన్నమే. గిన్నె ఖాళీ అయినది గనుక మేమెవరము ఏమీ గమనించలేదు. ఆమె తన ఇంటి వంటను మాకు కనబడకుండ దాచుకొన్నదని మా ఇండ్లలోని స్త్రీలలో ఒకరు చెప్పేవరకు మాకు తోచలేదు.

గనుక మా ప్రశ్న ఇది. నాలుకకు ఒకటి నచ్చుట, ఒకటి నచ్చకపోవుట అనునది మంచిచెడ్డలకు సంబంధము లేని విషయమేనా? "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని మన పెద్దలు దీనిని వదిలివేసినారు. అంతటితో వదిలివేయవచ్చునా?

నాలుకకు ఊరున్నది

ముందుగా నాలుక పక్షమున మాటలాడుదాము. మనకు ఇష్టమైనది మనము కూర్చుండి ఎన్నుకొన్నది కాదు. పళ్ళు రాకమునుపే మన తల్లి వ్రేలితో నాకించిన పప్పునీళ్ళు, ఆ ఊరి నేల, ఆ నేలలో పండిన గింజ, ఆ ఇంటిలో ఉన్న డబ్బు, ఇవన్నీ కలిసి మన నాలుకను చేసినవి. అందుచేతనే ఊరు విడిచినవానికి భాష మారినా, ఉడుపు మారినా, నాలుక మాత్రము త్వరగా మారదు.

ఒంగోలు, కనిగిరి, కంభము, మార్కాపురము, నెల్లూరు ప్రాంతములనుండి వచ్చినవారికి ఇది చెప్పనక్కరలేదు. 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ మొదలై, 1980లలో లారీలు, మోపెడ్లు, గడియారములు చేసే కర్మాగారములు హోసూరులో లేచినవి. వాటివెంట పనులు వచ్చినవి, పనుల వెంట మనము వచ్చినాము. అప్పటికి ఇది ధర్మపురి జిల్లా. కృష్ణగిరి వేరే జిల్లా అయినది 2004 ఫిబ్రవరిలో. ఆ తొలి సంవత్సరములలో ఊరినుండి ఎవరు వచ్చినా చేతిలో గోంగూర కట్టలు, ఆవకాయ జాడీ, ఎండుచేపల పొట్లము ఉండవలసినదే. ఇక్కడి సంతలో గోంగూరను పులిచ్చకీరై అని అడుగవలెనని తెలియుటకు మనలో కొందరికి సంవత్సరము పట్టినది. చుట్టూ మామిడితోటలే అయినను ఆవకాయకు కాయ దొరికేది కాదు. ఇక్కడివారు బెంగళూరా అని పిలిచే మన తోతాపురి విస్తారముగా పండుతుంది, గుజ్జు తీసే కర్మాగారములకు పోతుంది. ఆవకాయకు మాత్రము పులుపు, పీచు గల నాటుకాయ కావలెను. దానికొరకు ఆదివారము మధ్యాహ్నములు సైకిలు మీద తోటలు తిరిగినవారు మనలో ఇంకను ఉన్నారు.

ఇది తిండిపోతుతనము కాదు. పరాయి ఊరిలో ఆ ముద్ద నోట పెట్టుకొన్నప్పుడు అమ్మ, ఇల్లు, ఊరు ఒక్కసారిగా వచ్చి ప్రక్కన కూర్చుంటారు. గనుక మన ఇష్టములను మనము గౌరవించుకొనుట తప్పు కాదు. వాటిని ఒకరికొకరు చెప్పుకొనుట మంచిదే.

వాసన అన్న మాట

అయితే మన ఇష్టమే ఇతరులకు కొలబద్ద అయినప్పుడు ఏమి జరుగుతుందో మనకంటె బాగుగా ఎవరికి తెలుసును?

మేము హోసూరులో అద్దె ఇల్లు వెదకిన దినములు మరువలేదు. ఒక ఇంటివారు మా పేరు అడుగలేదు, పని అడుగలేదు. "మీరు ఏమి తింటారు?" అన్నారు. ఆ ప్రశ్నకు అర్థము కూర కాదని మీకు తెలియును. ఇంకొక ఇంటిలో రెండు నెలలు ఉన్న తరువాత, "మీ వంట వాసన పైకి వస్తున్నది, పిల్లలు భరించలేకపోతున్నారు" అని చెప్పి పంపివేసినారు. ఆ రోజు వండినది ఎండుచేపల పులుసు. మాకది అమ్మ చేతి వాసన, వారికది మమ్మును గుర్తుపట్టే వాసన. వారు కూరను కాదన్నారా, మమ్మును కాదన్నారా? వారిని అడిగితే, "మీమీద మాకేమీ లేదండి, వాసనే పడదు" అనేవారు. బహుశ వారు నిజమే చెప్పుచున్నామని అనుకొనియుందురు.

మన పిల్లలకు కూడ ఇదే పాఠము బడిలో దొరికినది. గోంగూర, ఎండురొయ్యలు పెట్టిన టిఫిను డబ్బా తెరువగానే ప్రక్కన ఉన్నవారు ముక్కు మూసికొన్నారని ఒక పిల్లవాడు మరునాటినుండి "అమ్మా, పెరుగన్నము చాలు" అన్నాడు. తల్లి బిడ్డకు పెరుగు ఇష్టమనుకొన్నది. మన పెద్దలలో అనేకులకు దినభోజనమైన పెద్దకూర సంగతి చెప్పనే అక్కరలేదు. దాని పేరు నలుగురిలో చెప్పుటకు మన నోరే మనకు రాకుండ లోకము చేసినది.

సంగటి తెచ్చిన సహోదరి మరుసటి నెల చిత్రాన్నము ఎందుకు తెచ్చినదో ఇప్పుడు అర్థమగుచున్నది. ఆ పిల్లవాడు పెరుగన్నము అడిగినందుకే. ఇంటివారు మనతో అన్న మాటను మనము ఆమెతో అన్నాము. వారు గడపలో నిలువబెట్టి అన్నారు. మనము పాటలు పాడి, ప్రార్థన చేసి, ప్రేమవిందు అని పేరుపెట్టిన బల్లయొద్ద అన్నాము.

ఇది క్రొత్త తప్పు కాదు. అంతియొకయలో పేతురంతటివాడు అన్యజనులతో కలిసి భుజించుచుండి, యెరూషలేమునుండి కొందరు రాగానే బల్లనుండి వెనుకకు జరిగెను. పౌలు దానిని చిన్న విషయముగా ఎంచక ముఖాముఖిగా అడిగెను. మన తమిళనాడులోనే చేరన్మాదేవి గురుకులములో బ్రాహ్మణ బాలురకు వేరే పంక్తి పెట్టినందుకు 1924-25లో గొప్ప వివాదము రేగినది. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ వేర్వేరు కులములవారిని కూర్చుండబెట్టి కలిపి భోజనము పెట్టినందుకు వెలివేయబడెను. ఇంతకాలము గడిచినను, 2023లో తూత్తుకుడి జిల్లాలోని ఒక బడిలో దళిత స్త్రీ వండినదని ఉదయపు ఉపాహారమును పిల్లలచేత మానిపించిన సంగతి పత్రికలలో చదివినాము. వీటన్నిటిలో గొడవ రుచిని గురించినది కాదు. వండిన చేయి ఎవరిది, ప్రక్కన కూర్చున్నది ఎవరు అన్నదే గొడవ.

అన్నము మనకు ఎప్పుడు వచ్చినది?

మరొక సంగతి కూడ ఆలోచించవలెను. సంగటిని చూచి "ఇలాంటివి" అనుటకు మనము ఎవరము?

మన పూర్వికులలో అధికులు ఒంగోలు, పొదిలి, కనిగిరి, కంభము మెట్టభూములవారు. ఆ నేలలో పండినవి జొన్న, సజ్జ, కొర్ర, వరిగ, ఆరిక. వరి అన్నము పండుగకు, పెండ్లికి, భూస్వామి ఇంటికి. మన ముత్తవ్వలు తెల్లవారకముందే రోటిలో జొన్నలు దంచి, సంకటి వండి, మిగిలినదానిలో నీళ్ళు పోసి మరునాటికి అంబలి చేసినవారు. 1876-78 నాటి గొప్ప కరవులో అదియు దొరకలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి కరవు పనులలో మగ కూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, ఒక అణా చాలునని నిర్ణయించగా, మద్రాసులోని వైద్యాధికారి కార్నిష్ అది చాలదని వాదించెను. ఆ కరవులోనే క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును కాంట్రాక్టుగా తీసికొని మనవారికి పనియు కూలియు కలుగజేసిరి. ఆ కాలువ గట్టున గంప మోసిన మన ముత్తవ్వను "నీకు ఇష్టమైన కూర ఏది?" అని అడిగినవారుండరు.

అందరి ఇంటిలో దినమూ తెల్లని అన్నము ఉడుకుట మన జ్ఞాపకములోనిదే. ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చినది 1983లో. దానివలన అనేకుల ఆకలి తీరినది, సందేహము లేదు. దానితోపాటు అన్నము తినువాడు పైవాడు, సంకటి తినువాడు క్రిందివాడు అన్న పాత లెక్కను కూడ మనము తెచ్చుకొన్నాము. ఒకప్పుడు ఆ లెక్కలో క్రింద ఉన్నది మనమే. ఆ సహోదరి గిన్నెను ప్రక్కకు నెట్టినప్పుడు మనము నెట్టినది మన ముత్తవ్వ గిన్నెనే.

ఇంకను వెనుకకు వెళ్ళితే "మా తిండి" అన్న మాటయే నిలువదు. రాగులు వేల సంవత్సరముల క్రితము తూర్పు ఆఫ్రికా ఎత్తుభూములనుండి వచ్చినవి. చింతచెట్టుకు, గోంగూర జాతి మొక్కలకు కూడ ఆఫ్రికాయే పుట్టినిల్లని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మిరప, టమాట, వేరుశెనగ, బంగాళాదుంప అమెరికా ఖండమునుండి వచ్చినవి. పోర్చుగీసువారు ఓడలలో మిరపను తేకముందు ఆవకాయలో కారము ఎక్కడిది? మన జాడీలో మామిడికాయ ఈ దేశముది, దానిమీది ఎరుపు పరదేశముది. రెండును కలిసి ఊరిన తరువాతనే దానిని మనము "మాది" అంటున్నాము.

మనకంటె ముందు వలస వెళ్ళిన తెలుగువారు దీనిని బాగుగా నేర్చుకొన్నారు. 1860లో మద్రాసునుండి మొదటి ఓడ కూలీలను దక్షిణాఫ్రికాలోని నాటాలుకు చేర్చినది. ఆ తరువాత వెళ్ళిన తెలుగు బాప్తిస్టుల కొరకు 1903లో నెల్లూరు ప్రాంతమునుండి జాన్ రంగయ్యగారు అక్కడికి వెళ్ళి సంఘములు కట్టిరి. బియ్యము దొరకని దినములలో నాటాలులోని మనవారు మొక్కజొన్న నూకను అన్నమువలె వండుకొని, దానిమీద పప్పు పోసికొని తిన్నారు. ఆ దేశపు నల్లవారు తినే గింజ అది. "ఇలాంటివి తినము" అనియుంటే వారు బ్రదికెడివారు కారు.

మేము, మనము

ఇక్కడ కొందరు సహోదరులు రెండు అభ్యంతరములు తెచ్చినారు. రెండును న్యాయమైనవే.

మొదటిది: "నాకు సయించనిది బలవంతముగా తినవలెనా? తినకుండానే బాగున్నదని చెప్పుట అబద్ధము కాదా?" అవును, అబద్ధమే. అబద్ధముతో ప్రేమను కట్టలేము. ఎవరును ఎవరి నోటిలోను బలవంతముగా ముద్ద పెట్టకూడదు. షుగరున్నవారున్నారు, కొన్ని పడనివారున్నారు, మాంసము ముట్టనివారున్నారు, మనస్సాక్షినిబట్టి కొన్నిటిని మానినవారున్నారు. వారి స్వాతంత్ర్యము వారిది. పెద్దకూర తినేవారు, తిననివారు ఒక్క బల్లయొద్ద కూర్చుండవచ్చును. ఎవరి విస్తరి వారిది.

మరి తప్పు ఎక్కడ ఉన్నది? మేము చాలసేపు ఆలోచించినాము. ఆ పెద్దవారు "నాకు అలవాటు లేదమ్మా" అనియుంటే తప్పు లేదు. అది ఒక నాలుక తన సంగతి తాను చెప్పుకొనుట. ఆయన అట్లు అనలేదు. "మేము ఇలాంటివి తినము" అన్నారు. "నాకు" అనవలసినచోట "మేము" వచ్చినది. "ఇది" అనవలసినచోట "ఇలాంటివి" వచ్చినది. ఆ రెండు మాటలతో కూర ప్రక్కకు పోయి, మనుష్యులు రెండు వరుసలైనారు.

మన తెలుగు భాషలో "మేము" వేరు, "మనము" వేరు. ఎదుటివానిని బయట ఉంచితే మేము, లోపలికి తీసికొంటే మనము. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే మాట గనుక వారు దీనిని ప్రత్యేకముగా వివరించుకొనవలెను. మనము నోరు తెరిచిన ప్రతిసారి ఏదో ఒకటి ఎన్నుకొనక తప్పదు. "మా వంట" అనుటలో తప్పు లేదు, ఇంటికొక వంట ఉంటుంది. ఆ మాటను ఎదుటివారి గిన్నెకు మూతగా వాడినప్పుడే అది తప్పవుతుంది.

నిజము చెప్పుచునే గౌరవించే మాట కూడ ఉన్నది: "నాకు అలవాటు లేదమ్మా, కొంచెమే పెట్టండి, ఎట్లు తినవలెనో చెప్పండి." దీనిలో అబద్ధమొక్కటియు లేదు.

రెండవ అభ్యంతరము: "ఇప్పుడు అందరూ రాగులనే మెచ్చుకొనుచున్నారు కదా, ఈ సమస్య దానంతట అదే తీరిపోతుంది." నిజమే, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. అదే సంవత్సరము తమిళనాడు ప్రభుత్వము మన ప్రక్కనున్న ధర్మపురి జిల్లాలోను, నీలగిరిలోను రేషను కార్డుకు 2 కిలోల బియ్యమునకు బదులుగా 2 కిలోల రాగులు ఇచ్చుట ఆరంభించినది. నూరు గ్రాముల రాగులలో కాల్షియము సుమారు 340 మిల్లీగ్రాములుండగా, మరపట్టిన బియ్యములో 10 మాత్రమే అని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలలో ఉన్నది. వైద్యులు అన్నము తగ్గించమన్న తరువాత మన పెద్దలు అనేకులు ఉదయమున రాగిజావ త్రాగుచున్నారు. "మేము ఇలాంటివి తినము" అన్న పెద్దవారు కూడ త్రాగుచున్నారు!

కాని గింజను మెచ్చుకొనుట, ఆ గింజ తిని బ్రదికినవారిని గౌరవించుట ఒకటి కాదు. బెంగళూరు దుకాణములో రంగుల సంచిలో కొన్న రాగిపిండి ఆరోగ్యమైనది, సహోదరి సత్తుగిన్నెలో తెచ్చిన సంగటి నాటుది! పిండి ఒకటే కదా? మారినది తెచ్చిన చేయి మాత్రమే. రాగుల విలువ పట్టికలలో చదివి తెలిసికొన్నవారము, ఆమెను ఒక్క మాట అడుగలేకపోయినాము.

అడుగని వారు

ఆమెను అడుగలేదని చెప్పినాము. మన ఇంటిలో కూడ అడుగనివారున్నారు.

మా విందు రోజున ఇష్టమైన వంటలను గూర్చి ఎక్కువ మాటలాడినది పురుషులము. "మా ఇంటావిడ కోడికూర చేస్తే" అని మొదలుపెట్టి గంటసేపు చెప్పినాము. స్త్రీల సమాజములోని ఒక పెద్దమ్మగారు అందరినీ విని, "అయ్యా, మీ ఇంటావిడకు ఏమి ఇష్టమో ఒక్కరు చెప్పండి" అన్నారు. మేము నిశ్శబ్దముగా ఉన్నాము. ముప్పది సంవత్సరములు ఆమె చేతి వంట తిన్నవారము, ఆమెకు ఏ కూర ఇష్టమో ఎరుగము. ఆమె భర్తకు నచ్చినది వండినది, పిల్లలకు నచ్చినది వండినది, అత్తగారు ఉన్నన్నినాళ్ళు ఆమెకు కారము లేకుండ వేరే వండినది. చివరకు గిన్నెలో ఏది మిగిలితే అది తన ఇష్టమనుకొన్నది.

ఇంటికి వెళ్ళి మాలో ఒకరు భార్యను అడిగినారు. ఆమె మొదట నవ్వి, "ఇప్పుడెందుకు?" అన్నదట. తరువాత చాలసేపటికి, పచ్చిపులుసు, కందిపచ్చడి అన్నదట. పెండ్లియైన తరువాత వండుకొననే లేదట, ఆ ఇంటిలో ఎవరూ తినరని.

రెండు చోట్లను ఒకే లోపము. ఇష్టములు చెప్పుకొనుట సంతోషమే గాని, చెప్పేవారు ఎప్పుడూ చెప్పుచు, వండేవారు ఎప్పుడూ వినుచు ఉంటే అది పంచుకొనుట కాదు. "మీ ఇంట్లో ఏమి కూర?" అన్న ప్రశ్న అడిగినవాడు జవాబు వచ్చువరకు నిలువవలెను. వచ్చిన జవాబు తన ఊరిది కాకపోయినను వినవలెను.

ఇప్పుడు ఏమి చేయుదాము?

ఆ సహోదరి ఇంటికి మాలో నలుగురము వెళ్ళినాము. క్షమించమని అడిగినాము. ఆమె "అదేమి మాటండి" అని తప్పించుకొన్నది గాని, ఆమె అత్తగారు మాత్రము "మా కోడలు ఆ రోజు ఇంటికొచ్చి ఆ ముద్దలు ఆవుకు పెట్టినాది" అని చెప్పివేసినది. దానికి మాయొద్ద జవాబు లేకపోయినది. ఉన్నట్లు ఇక్కడ వ్రాయుట లేదు.

ఆ రోజు మాకు ఆమె సంగటి పెట్టినది. నూకలు మెత్తగా ఉడికిన తరువాత రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, ఉండ కట్టకుండ తెడ్డుతో కెలుకుట ఎంత భుజబలము గల పనియో చూచినాము. చేయి తడుపుకొని ముద్ద చేయవలెను. పితికిపప్పు మరింత ఓపిక పని. చలికాలములో వచ్చే అనపకాయలను ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజను వ్రేళ్ళతో పితికి పైతోలు తీయవలెను. ప్రేమవిందు కొరకు ఆమెయు అత్తగారును రెండు సాయంత్రములు కూర్చుండి పితికినారట. మేము ఒక నిమిషములో ప్రక్కకు నెట్టినది అది. ముద్దను నమలకుండ, కూరలో అద్ది మ్రింగవలెనని అత్తగారు నేర్పినారు. మాలో ఒకరికి మొదటి ముద్ద గొంతులో నిలిచి నీళ్ళు త్రాగవలసివచ్చినది. అందరూ నవ్వినారు, ఆయనయు నవ్వినారు. "నాకింకా అలవాటు కాలేదమ్మా" అన్నారు. ఆ మాటకు ఎవరికిని బాధ కలుగలేదు.

ఈ అనుభవమునుబట్టి మేము మా సంఘములో కొన్ని చిన్న నిర్ణయములు చేసికొన్నాము. మీకు అనుకూలమైతే ఆలోచించండి.

విందుకు గొప్పకొరకు వండినది కాదు, మామూలు దినమున ఇంటిలో వండుకొనేది తెచ్చుట. గిన్నెలో ఏమున్నదో తెచ్చినవారే ఒక మాట చెప్పుట, ఎట్లు తినవలెనో చూపుట. తెలియని వంటకమైతే చెంచెడు పెట్టించుకొనుట, పడదంటే "నాకు పడదు" అనుట, "మేము" అనకుండుట. వాసనను గురించి బల్లయొద్ద మాటలాడకుండుట. పిల్లలకు ఈ సంగతులు ముందుగానే ఇంటిలో చెప్పుట. ఇల్లు అద్దెకిచ్చే స్థితికి ఎదిగిన మనవారు, ఒకప్పుడు తమను అడిగిన ప్రశ్నను ఇతరులను అడుగకుండుట. హోసూరు, కృష్ణగిరిలో సొంత ఇండ్లు కట్టుకొని అద్దెలకు ఇచ్చుచున్నవారు మనలో ఇప్పుడు అనేకులున్నారు గనుక ఈ చివరిది గట్టిగా చెప్పుచున్నాము.

ఇవి పెద్ద పనులు కావు. అయినను ఒక మనిషి తన ఇంటి వంటను నలుగురిలో మూత తీసి పెట్టగలిగినప్పుడే ఆ నలుగురిలో తనకు చోటున్నదని నమ్ముతాడు. ఊరు విడిచి వచ్చిన మనకు ఇది ఎవరును నేర్పనక్కరలేదు.

మా తరువాతి ప్రేమవిందు చలికాలములోనే, అనపకాయల రోజులలో వచ్చును. సంగటి, పితికిపప్పు తెమ్మని ఆ సహోదరిని అడిగినాము. "చూస్తానండి" అన్నది. తెచ్చునో తేదో ఆమె ఇష్టము. ఆ ముందటి రెండు సాయంత్రములు గింజలు పితుకుటకు వస్తామని మా ఇండ్లలోని స్త్రీలు, ఇద్దరు పురుషులు ఆమెతో చెప్పియున్నారు.